అమ్మగారి బాకీ పద్దు

మా సంఘంలో పాపపు ఒప్పుకోలు అందరం కలిసి చదువుతాం. ఆరాధన క్రమం పుస్తకం తెరిచి రెండు వందల గొంతులు ఒక్కసారి లేస్తే, అందులో ఎవరి పాపం ఎవరిదో పైవాడికి తప్ప తెలియదు. ఇరవై ఆరేళ్లుగా నా పాపం ఆ గుంపులో నక్కి, ఆదివారం ఆదివారం టికెట్ లేని ప్రయాణం చేసి, 'ఆమెన్' స్టేజీలో దిగి ఇంటికి పోతోంది. ఈ ఒక్కసారి టికెట్ కొనుక్కుందామని ఈ రాత.

నేను పాస్టరు గారి భార్యను. సీఎస్‌ఐ మెదక్ అధ్యక్ష మండలంలో పాస్టరును అయ్యగారు అంటారు, ఆయన భార్యను అమ్మగారు అంటారు. అయ్యగారికి జీతం ఉంది, బదిలీ ఉంది. అమ్మగారికి బదిలీ ఒక్కటే ఉంది. సంఘం ఇచ్చిన ఇంట్లో ఉంటాం కాబట్టి సంఘం వాళ్లు ఏ వేళకు వచ్చినా తలుపు తీయాలి, చాయ్ పెట్టాలి, చెప్పింది వినాలి, పోయేముందు "ప్రార్థన చేస్తాను" అనాలి. మొదటి మూడూ చేస్తాను. నాలుగోది అంటాను.

ఎన్నిసార్లు అంటానో ఒక రోజు లెక్కబెట్టాను. నిజామాబాద్ గాంధీ చౌక్‌లో కూరగాయలు కొంటుంటే ఒకామె ఎదురైంది. కొడుకు మస్కట్‌కు పోయి మూడు నెలలైంది, జీతం పడలేదు. "చేస్తానమ్మా" అన్నాను, వంకాయ పుచ్చు చూసుకుంటూ. బీడీలు చుట్టే పెద్దమ్మకు దగ్గు, పైగా పీఎఫ్ కాగితాల్లో పేరు తప్పు పడింది. రెంటికీ కలిపి ఒకటే "చేస్తాను". ఇంటికొచ్చేసరికి ఆర్మూర్ వైపు నుంచి ఒక పసుపు రైతు కూర్చొని ఉన్నాడు, రేటు రావాలని. ఆయన అటు పోయాడో లేదో పచ్చళ్లు, పొడులు అమ్ముకునే అక్క వచ్చింది, పసుపు రేటు మరీ మండుతోందని. ఇద్దరికీ మాటిచ్చాను. ఆ మాటలు నిలబెట్టుకొని ఉంటే పైన పెద్ద చిక్కే వచ్చేది. నేను నిలబెట్టుకోకపోవడం వల్ల దేవుడికి ఆ ఇబ్బంది తప్పింది. సాయంత్రానికి లెక్క పదకొండు. రాత్రి మంచం మీద కూర్చొని చేతులు జోడించాను. "ప్రభువా, ఈ రోజు..." అన్నది గుర్తుంది. తర్వాత గుర్తున్నది తెల్లవారి పాలవాడి గంట.

ఈ సంగతి మా నాన్నకు తెలిస్తే ఊరుకునేవాడు కాదు. నేను పుట్టి పెరిగింది బోధన్ పక్కన శక్కర్‌నగర్ క్వార్టర్లలో. నాన్న షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర పని చేసేవాడు. 1931లో నిజాంసాగర్ కట్టడం పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారాక, ఆ నీళ్లను నమ్ముకొని 1937లో వెలసిన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. గానుగ సీజన్ మొదలైందంటే ఊరు ఊరంతా మడ్డి వాసన. మా స్కూలు బట్టలకు, అమ్మ కొప్పుకు, ఆదివారం పట్టుకుపోయే బైబిలుకు కూడా అదే వాసన. రాత్రంతా బండ్లు, ట్రాక్టర్లు కాటా కోసం వరస కట్టేవి. నాన్న పెట్రోమాక్స్ లాంటి మొహంతో ఇంటికొచ్చి, అన్నం కలుపుకుంటూ ఒకటే మాట అనేవాడు: "చెరుకు కోసినంక ఆగొద్దు బిడ్డా. ఒక్క దినం దాటిందంటే తూకం తగ్గుతది, తీపి తగ్గుతది. రైతుకూ నష్టమే, మిల్లుకూ నష్టమే."

వరసలో ఇరుక్కుపోయిన రైతు బండి పక్కన కూర్చొని తన చెరుకును ఎట్లా చూసేవాడో నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పైకి ఏమీ మారదు. గడ అదే, కట్ట అదే. లోపల నీరు ఆవిరవుతుంటుంది. ప్రార్థన మనవి కూడా కోసిన చెరుకే అని నాకు నలభై దాటాక తట్టింది. మనిషి తన కష్టాన్ని కోసి తెచ్చి నా ముంగిట్లో దించి పోతాడు. నేను చీటీ ఇస్తాను. గానుగాడించను. నా యార్డులో ఎండుతున్న చెరుకుతో ఒక సీజన్ నడపొచ్చు.

దీనికి మందు అని మా ఆయన ఒక రిజిస్టరు కొనిచ్చారు. నీలం అట్ట, రెండు వందల పేజీలు. స్త్రీల మైత్రి కూడికలో వచ్చే మనవులన్నీ అందులో రాయాలి, బుధవారం బుధవారం పేరుపేరునా చదివి ప్రార్థించాలి. బాగానే మొదలుపెట్టాను. కానీ ఇంట్లో పెన్ను దగ్గర ఉండే పుస్తకం అదొక్కటే. దాంతో మనవుల మధ్యలో పాల లెక్క చేరింది, పాల లెక్క వెనకే కిరాణా చేరింది. ఒక బుధవారం కళ్లు సగం మూసి, సగం తెరిచి, భక్తిగా చదువుతున్నాను: "ఎడపల్లి అక్క మోకాలు ప్రభువా... కిలోన్నర ప్రభువా... స్కిన్‌లెస్..."

"ఆమెన్" అన్నారు అక్కలు. ముప్పై మంది.

ఒక్కరూ నవ్వలేదు, అదీ నన్ను చంపింది. కూడిక అయ్యాక ఎడపల్లి అక్క కుంటుకుంటూ వచ్చి, "అమ్మగారూ, మోకాలికి అంత పేరున్నదని డాక్టరు గూడ చెప్పలేదు" అంది.

ఇక మా ఆయన ప్రార్థన సంగతి. ఆయనది పల్లెవెలుగు బస్సు, ప్రతి స్టేజీలోనూ ఆగుతుంది. ఒకసారి జానకంపేటలో జ్వరం వచ్చిన పిల్లాడి తల మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టారు. దేశ ప్రధానికి జ్ఞానం, ముఖ్యమంత్రికి ఆరోగ్యం, కలెక్టరు గారికి న్యాయబుద్ధి, తహసీల్దారుకు కనికరం, మధ్యలో సరిహద్దుల్లో సైనికులు. బస్సు జ్వరం స్టేజీకి చేరేసరికి పిల్లాడు చెయ్యి కింద నుంచి జారి వాకిట్లో గోలీలాడుతున్నాడు. మా ఆయన దాన్ని స్వస్థత కింద రాసుకున్నారు. అదే మనిషి ఇంట్లో అన్నం ముందు చేసే ప్రార్థన నాన్‌స్టాప్. నేను కళ్లు మూసేలోపే ముద్ద నోట్లో ఉంటుంది.

నేను ఆయన్ని అనకూడదు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్లు వస్తాయి. "అమ్మగారూ, అయ్యగారు లేచిండా?" అని. "ప్రార్థనలో ఉన్నారమ్మా" అంటాను. పక్కనే గురక. ఒకసారి అవతలి ఆమె, "అవునమ్మా, వినబడుతుంది, అయ్యగారు భాషలతోని ప్రార్థన చేస్తుండ్రు" అని భయంగా ఫోను పెట్టేసింది. మేము సీఎస్‌ఐ వాళ్లం, ఆత్మావేశంతో అన్యభాషల్లో మాట్లాడే బాపతు కాదు. ఆ పేరు మాత్రం మా ఆయనకు ఊళ్లో వచ్చేసింది, నా పుణ్యాన.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. మాలో ఒక మాట ఉంది: "ప్రార్థన చేయనీకే చెప్తున్న, ఎవ్వరికీ అనకు." దీనంత బలమైన తాళంచెవి ప్రపంచంలో లేదు. ఫలానా వాళ్ల అమ్మాయి అత్తగారింటి నుంచి వచ్చేసిందట అంటే చాడీ. ఫలానా అమ్మాయి కోసం ప్రార్థించాలి అంటే పరిచర్య. నేను వెంటనే కుర్చీ దగ్గరికి లాక్కొని, "ఎప్పుడొచ్చింది? బంగారం తెచ్చుకుందా?" అని అడుగుతాను. వివరాలు తెలిస్తే ప్రార్థన సూటిగా తగులుతుందని నా వాదన. తెలుసుకున్న వివరాలు సాయంత్రానికి నలుగురు అక్కలకు, ప్రార్థన నిమిత్తమే, చేరతాయి. ఆ అమ్మాయి మటుకు ఆదివారం గుడికి వచ్చి వెనక బెంచీలో కూర్చొని, అందరి చూపుల్లోనూ తన కథ చదువుకొని, ఆశీర్వాదం కాకముందే లేచి పోయింది. తర్వాత నాలుగు ఆదివారాలు రాలేదు. ఆ ఒప్పుకోలు రెండు వందల గొంతుల్లో కలిసి చదివినా గొంతుకడ్డం పడింది.

మా ఆయన సెమినరీలో చదివిన ముచ్చట ఒకటి నాకు బాగా పనికొచ్చింది. మా సంఘం 1947లో సీఎస్‌ఐలో కలవక ముందు వెస్లియన్ మెథడిస్టు మిషన్. మా అమ్మమ్మ పోయేదాకా 'వెస్లీ మిషనోళ్లం' అనే చెప్పుకునేది. ఆ జాన్ వెస్లీ వాళ్లు బ్రిస్టల్‌లో ప్రార్థన మందిరం కట్టి అప్పుల్లో పడ్డారు. 1742లో అప్పు తీర్చే దారి ఏమిటని కూర్చొని మాట్లాడితే ఒకాయన ఉపాయం చెప్పాడు: సంఘాన్ని పన్నెండు మంది చొప్పున విడగొడదాం, ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ వసూలు చేద్దాం, ఇవ్వలేని వాళ్లది నాయకుడే వేసుకోవాలి. వసూలుకు ఇల్లిల్లూ తిరిగిన వాళ్లు ఏమి చూశారు? ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవడు తాగి పడుకున్నాడో, ఎవరికి జబ్బో. పెన్నీ కోసం పోయి మనిషిని చూసొచ్చారు. అట్లా మెథడిస్టుల పరామర్శ అప్పు వసూలులో పుట్టింది. ఇది విన్నప్పటి నుంచి మా ఆయనతో, "నేను బాకీ పడ్డానంటే మన సంప్రదాయం ప్రకారమే పడ్డాను" అంటున్నాను. "అందులో తిరిగిన వాళ్లూ ఉన్నారు" అంటారాయన.

తిరగడం నాకు రాక కాదు. గురువారం గురువారం ఆరు ఇళ్లు తిరుగుతాను. తిరిగినందుకు దొరికిన బహుమానం గురించి చెప్పాలి.

నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఏ ఇంటికి పోయినా చాయ్ వద్దనే మాట చెల్లదు. అందులోనూ ఫ్యాక్టరీ నీడలో బతికిన ఇళ్లలో చక్కెర తక్కువేయడమంటే పరువు తక్కువ. చెంచా నిలబడేలా ఉంటుంది చాయ్. మొదటి ఇంట్లో చాయ్, బిస్కెట్లు. రెండో ఇంట్లో చాయ్, మిక్చర్. మూడో ఇంట్లో, "అమ్మగారు వచ్చిండ్రు" అని పిల్లాడిని ఉరికించి తెప్పించిన మైసూర్‌పాక్, దాని వెనక చాయ్. శ్రమ దినాల్లో ఇంకా ఘోరం. నలభై రోజులు, రోజుకొక ఇంట్లో సాయంత్రం ప్రార్థన. ఉపవాస కాలం పేరుతో నేను ఏటా నాలుగు కిలోలు పెరుగుతాను. ఆ ప్రార్థనల్లోనే పెద్దవాళ్లు పాత సంగతులు తీస్తారు. కరువులో మిషనరీ పాస్నెట్ దొర పని ఇచ్చి అన్నం పెడితే మెదక్ గుడికి మా తాత రాళ్లు మోశాడని ప్రతి ఇంట్లోనూ ఒక తాత ఉంటాడు. 1924లో ప్రతిష్ఠించిన ఆ గుడి గంటగోపురం 175 అడుగులు. ఇన్ని ఇళ్ల తాతల రాళ్లన్నీ నిజంగా చేరి ఉంటే కౌలాస్ కోట అంత కావాల్సింది. మా అత్తగారి తరఫు తాత కూడా మోశాడు. నేను మాత్రం అనుమానించను, కోడల్ని కదా.

చాయ్ వద్దని ఎందుకనవు అని డాక్టరు అడిగాడు. ఆయనకు చెప్పలేదు గానీ ఇక్కడ చెబుతాను. మా సంఘంలో చాలామంది తాతలకు ఊరి హోటల్లో గ్లాసు వేరే ఉండేది. తాగి, కడిగి, చూరు కింద బోర్లించి రావాలి. ఆ ఇళ్లలో పింగాణీ కప్పు తీసి, చీర కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టినప్పుడు నేను "వద్దమ్మా" అంటే అది చక్కెర సంగతిగా వినబడదు. అందుకని తాగుతాను. ఇది నా తిండిపోతుతనానికి వేసుకున్న తెల్లంగీ అని మా ఆయన అంటారు. మైసూర్‌పాక్ విషయంలో ఆయన మాట నిజమే.

పరామర్శలో నన్ను నేను మరీ గొప్పగా ఊహించుకోకుండా ఉండటానికి డిచ్‌పల్లి ఉంది. పెళ్లయిన కొత్తలో మా ఆయన, "ఒక చోటు చూపిస్తా" అంటే ఊటీ అనుకొని చీరలు సర్దాను. పాసింజరు బస్సులో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ 1907లో భర్తతో హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. ఊళ్లు తరిమేసిన రోగులను చూసి ఊరుకోలేక, నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో విక్టోరియా ఆసుపత్రి పెట్టించింది. ఆయన హిందువు, ఆమె మిషనరీ. రోగులకు చాల్మోగ్రా నూనె సూదులు వేసి, ముట్టుకొని, కట్లు కట్టి, 1932లో పోయేదాకా ఆ పనిలోనే ఉంది. "ఆమె కూడా మా లాంటి అయ్యగారి భార్యే" అన్నారు మా ఆయన, చెట్టు కింద నిలబడి, ఎంతో ప్రేమగా. కొత్త పెళ్లికూతురిని. ఇరవై ఆరేళ్లయింది, ఇప్పటికీ హైదరాబాద్ పోయేటప్పుడు బస్సు డిచ్‌పల్లి దాటుతుంటే నేను అవతలి కిటికీ వైపు చూస్తాను.

ఇప్పుడు అసలు బాకీకి వస్తాను. చిన్నవన్నీ చెప్పి పెద్దది దాచాను కదా ఇంతసేపూ.

2015లో మేము బోధన్ వైపు ఉన్నాం. ఆ డిసెంబర్ 23న ఫ్యాక్టరీకి లే ఆఫ్ ప్రకటించారు. క్రిస్మస్ ఎల్లుండి. ఇంటింటికీ నక్షత్రాలు కట్టి ఉన్నాయి, పిల్లలకు కొత్త బట్టలు కుట్టించి ఉన్నాయి, కొన్నిటికి దర్జీకి ఇంకా డబ్బులివ్వలేదు. ప్రైవేటు చేతికి పోయి అప్పటికే పదమూడేళ్లు, అయినా గొట్టం నుంచి పొగ వస్తోంది కదా అని అందరికీ ఒక ధైర్యం. పండగనాడు గుడి నిండింది. నా నీలం రిజిస్టరులో ఆ రోజు పేజీ నిండా ఒకటే మనవి, చేతిరాతలే వేరు. ఒకాయనకు రాయడం రాక బొటనవేలి ముద్ర వేసి, "నాదీ గదే అమ్మా" అన్నాడు. ప్రార్థన మనవికి వేలిముద్ర నేనెప్పుడూ చూడలేదు.

చివర్లో వచ్చాడు కాక. మా నాన్న కింద కాటా దగ్గర పని నేర్చుకున్న మనిషి. రిటైరు కావడానికి ఏడాది ఉంది. గుళ్లో నన్ను అమ్మగారు అంటాడు, గుమ్మం దాటగానే బిడ్డా అంటాడు. "ఫ్యాక్టరీ తెరవాలె. రాసుకో బిడ్డా. నువ్వు అడిగితే ఆయన కాదనడు" అన్నాడు. "రోజూ చేస్తాను కాకా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఆ మాటకు బదులుగా మనసు కరిగి నా కష్టమూ చెప్పుకున్నాను: మా పెద్దోడు పదో తరగతి, అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో పందొమ్మిది మార్కులు. "నేను చూసుకుంట" అన్నాడు కాక, ఏదో ట్రాక్టరు వరసలో ముందుకు పెట్టిస్తానన్నట్టు.

జనవరి అంతా చేశాను. ఫిబ్రవరిలో రోజు విడిచి రోజు. మార్చిలో పరీక్షలొచ్చాయి, మా ఇంట్లో ప్రార్థనలన్నీ త్రికోణమితి వైపు తిరిగాయి. 2017లో బదిలీ అయింది. రిజిస్టరు అట్టపెట్టెలో పోయింది, అట్టపెట్టె అటక మీదికి పోయింది. అడిగి అడిగి దేవుడి ముందు మొహం చెల్లక ఊరుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది. మరిచిపోయాను, అంతే. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తెరుస్తామని మైకులో అనేవారు, అప్పుడు గుర్తొచ్చేది. అంటే నా జ్ఞాపకశక్తి కూడా నాయకుల లెక్కనే, ఐదేళ్లకోసారి పని చేసింది. ఏటా క్రిస్మస్‌కు కాక ఫోను చేసేవాడు. "చేస్తున్నవా బిడ్డా?" "చేస్తున్నాను కాకా."

ఈ మధ్యలో మా వైపు ఒక మాటకు అర్థమే మారిపోయింది. నా చిన్నప్పుడు గుళ్లో లేచి నిలబడి, "మా వాడికి షుగర్‌ల నౌకరి రావాలె" అని మనవి చేసేవారు. షుగర్ అంటే ఫ్యాక్టరీ. "షుగర్ ఉన్నోళ్ల సంబంధం" అంటే పిల్లనివ్వడానికి పోటీపడేవాళ్లు. ఇప్పుడు అదే గుళ్లో లేచి, "షుగర్ తగ్గాలె" అంటున్నారు. షుగర్ ఉన్నోళ్ల సంబంధం అంటే ఒకసారి ఆలోచిస్తున్నారు. ఊరి బయట షుగర్ మూతపడింది, ఒంట్లో షుగర్‌కు మూడు షిఫ్టుల పని.

నాకూ వచ్చింది. పోయిన ఆగస్టులో పిత్తాశయంలో రాళ్లని తేలితే ఖలీల్‌వాడిలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. మెదక్ గుడికి మా వంతు రాళ్లు ఇంకా మిగిలి ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆపరేషన్‌కు ముందు నెత్తురు పరీక్ష చేస్తే ఖాళీ కడుపున 240. కోత ఆపేశారు. ముందు షుగర్ దిగాలి, ఆ తర్వాతే బల్ల మీదికి అన్నారు. "ఇది పరిచర్యలో తగిలిన గాయం" అన్నాను మా ఆయనతో. "మూడో చెంచాలో తగిలింది" అన్నారు.

అక్కడ నాలుగు రోజులు పడుకుంటే తెలిసింది, మంచం మీద నుంచి చూస్తే పరామర్శ ఎట్లా ఉంటుందో. వచ్చిన ప్రతి ఒక్కరూ, "మీ కోసం ప్రార్థన చేస్తున్నం అమ్మా" అన్నారు. పాము కాళ్లు పాముకెరుక. నేను ఒక్కొక్కరి మొహం చూసి ఎవరు చేస్తున్నారో, ఎవరు నా బాపతో పోల్చుకుంటూ కాలక్షేపం చేశాను. ఒక పెద్దాయన తల మీద చెయ్యి పెట్టి ప్రధానమంత్రి దగ్గర మొదలుపెట్టాడు, మా ఆయన శిష్యుడు. ఆయన కలెక్టరు దాకా వచ్చేసరికి నర్సు వచ్చి సూది వేసి పోయింది. ఆ వెనక బెంచీ అమ్మాయి కూడా వచ్చింది. ఏమీ మాట్లాడలేదు. నా జడ చిక్కు తీసి, అల్లి, రబ్బరు బ్యాండు వేసి, "పోయొస్త అమ్మా" అని పోయింది. నా గురించి ఎవరికీ ఏమీ చెప్పినట్టు నాకు తెలియరాలేదు.

ఎడపల్లి అక్క ఆ మోకాలితో రెండంతస్తులు ఎక్కి జొన్న రొట్టెలు తెచ్చింది. "మీరు ఆ దినం చేసిన ప్రార్థనకే నాకు జర నయమైంది అమ్మగారూ, ఒట్టు" అంది. నేను చేసింది కోడి కోసం. మరి ఆ చిరునామా పైన ఎవరు సరిచేసుకున్నారో!

మూడో రోజు మధ్యాహ్నం కాక వచ్చాడు, బోధన్ నుంచి బస్సులో. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్, సంచిలో గొడుగు. బక్కచిక్కాడు. స్టూలు మీద కూర్చొని చాలాసేపు సెలైన్ చుక్కలు పడటం చూశాడు. కాటా ముల్లు చూసిన కళ్లు కదా, ఏది దిగుతున్నా చూస్తాయి. నేను ముందే అడ్డుపడదామని, "ఫ్యాక్టరీ కోసం చేస్తూనే ఉన్నాను కాకా" అన్నాను. అడగకుండానే. దొంగ మొదట తన బుజాలే తడుముకుంటాడు.

"ఉండు, నేను చేస్త" అని జేబులోంచి చిన్న డైరీ తీశాడు. అట్ట ఊడితే సైకిల్ ట్యూబు రబ్బరు వేసి కట్టాడు. కాకకు మా ఆయన లాగా మాటలు రావు. కాటా దగ్గర చీటీలు చదివినట్టు చదువుతాడు: ఊరు, పేరు, బరువు. కళ్లు మూయడు, మూస్తే అక్షరాలు కనబడవు కాబట్టి.

"రెంజల్. మా చెల్లె. కండ్లు." ఆగాడు. "ప్రభువా." పేజీ. "శక్కర్‌నగర్. ఫ్యాక్టరీ." ఆగాడు. ఆ ఒక్క దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగాడు. "ప్రభువా." పేజీ తిప్పాడు. "నిజామాబాద్. అమ్మగారు. పెద్దోడు, పదో తరగతి, లెక్కలు. గట్టెక్కాలె. ప్రభువా."

నాకు అర్థం కావడానికి రెండు చుక్కల సెలైన్ పట్టింది.

"కాకా," అన్నాను, "వాడు పాసయిండు. ఎప్పుడో పాసయిండు, తొమ్మిదేండ్లయింది. హైదరాబాద్‌ల ఒక కంపెనీల లెక్కలు రాసే నౌకరే చేస్తుండు."

కాక డైరీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "చెప్పొద్దా బిడ్డా?" అన్నాడు. కోపం లేదు, లెక్క తప్పిన చీటీ చూసిన ఆశ్చర్యం ఉంది. "ఇయ్యాల పొద్దుగాల గూడ చేసిన."

ఏమనాలి? క్రిస్మస్‌కు క్రిస్మస్‌కు ఫోను చేశాడు. చేస్తున్నానని అబద్ధం చెప్పడానికి నోరు వచ్చింది గానీ, అయిపోయిందనే నిజం చెప్పడానికి రాలేదు. మా వాడికి ఆఫీసులో ఒక్క లెక్కా తప్పు పోదని ఆ మేనేజరు పొగుడుతుంటే నేను నా పెంపకం అనుకుంటూ వచ్చాను.

కాక జేబులోంచి పెన్ను తీసి, విదిలించి, ఆ వరస మీద నిదానంగా గీత గీశాడు. గీసినంత మేర ఒకసారి ఊదాడు, సిరా ఆరాలని. తర్వాత పేజీ నా వైపు వంచి చూపించాడు.

"జాగ ఖాళీ అయింది. ఇంకేం రాయమంటవ్?"

మంచం అంచుకు కట్టిన చార్టు గాలికి కొట్టుకుంటోంది. ఆ రోజు పొద్దున్న అంకె 190.

"షుగర్ అని రాయి కాకా" అన్నాను.

పెన్ను కాగితం మీద ఆగింది.

"నీదా బిడ్డా, మనదా?"